ఆకుల తాత పేరు

ఆగస్టు నెల, మూడో గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. గడియారం నాకు ఎదురుగానే ఉంది కాబట్టి టైము తప్పు చెప్పే వీల్లేదు. నందిగామలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు వంట చేసిన ఆడపిల్లల హాస్టల్లో, ఆఫీసు గదిలో, ఏడుగురు చూస్తుండగా కుర్చీలోంచి లేచాను. "ఆ పళ్ళెం ఎవరూ మార్చలేదండి. దాని మీద అక్షరాలు లేకపోడానికి కారణం నేను. చింతపండేసి తోమాను" అన్నాను.

ఆ మాట నోట్లోంచి రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

ఇది చదివే మీరు చిన్నవాళ్ళు, ఇప్పుడిప్పుడే పనుల్లో చేరుతున్నవాళ్ళు. మీకు నా గొప్పలు చెప్పడానికి కూర్చోలేదు. నాకు రాయడం యాభై దగ్గరపడ్డాక వచ్చింది. అందంగా రాయాలన్న యావ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. హాస్టల్ పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. ఒక్క పేరు మాత్రం చివర్లో రాస్తాను, అది రాయాల్సిన బాకీ నాకుంది.

ఆ హాస్టల్ పెట్టింది ఒక దొరసాని. నేను పుట్టకముందే వచ్చి, నేను పనిలో చేరకముందే పోయింది. ఆవిడ తన దేశం నుంచి తెచ్చుకున్న సామానులో మిగిలినవి రెండే: ఒక చెక్క బీరువా, ఒక పళ్ళెం. బీరువాకి చెదలు పట్టింది. పళ్ళెం భోజనాల హాల్లో, వడ్డించే కిటికీ పైన, మేకుకి వేలాడుతూ ఉండేది.

జానెడున్నర వెడల్పు ఉంటుంది. నల్లటి పళ్ళెం. మధ్యలో ఒక ముసలాయన తల, పక్కకి తిరిగి. బట్టతల, కొక్కెం లాంటి ముక్కు, బిగించిన పెదాలు, తల చుట్టూ ఆకుల దండ. సున్నపు నీళ్ళతో గీసినట్టు, పలచనైన చోట బూడిద రంగుగానూ, మందమైన చోట తెల్లగానూ ఉండేది ఆ బొమ్మ. అంచు చుట్టూ బంగారు రంగులో సన్నటి తీగ, ఆకులు, ఒక పక్కన కొన్ని గుర్తులు. కింద కుడివైపు కాస్త పెచ్చు ఊడి లోపలి రాగి ఎర్రగా కనపడేది.

ఆయన ఎవరో మాకెవరికీ తెలియదు. ఒక పిల్ల మోషే అంది. మోషేకి గడ్డం ఉండాలి కదే అని ఇంకో పిల్ల కొట్లాటకి దిగింది. యేసుకి శిక్ష వేసిన పిలాతు అంది మరొకతె. చివరికి అందరూ కలిసి 'ఆకుల తాత' అని పేరు పెట్టారు. కంచంలో మెతుకు వదిలితే పక్క పిల్ల మోచేత్తో పొడిచేది. "తాత చూస్తన్నాడే. తిను." రెండోసారి కూర అడిగిన పిల్లకి నేనూ అదే చెప్పేదాన్ని. "తాతనడుగు. ఆయన ఊఁ అంటే ఏస్తా." ఆయన మొహం చూస్తే ఊఁ అనే రకం కాదని చంటిపిల్లకైనా తెలుస్తుంది.

నేను ఇరవై ఆరేళ్ళకి పనిలో చేరాను. బియ్యం డబ్బాకి వేలు అడ్డం పెట్టి కొలత చూసేదాన్ని, గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పాలపొడి సంచులు లెక్కపెట్టేదాన్ని. చదువు లేని లోటు వంటింట్లో తెలిసేది కాదు. మధ్యాహ్నం అంట్లు అయ్యాక పెద్ద పిల్లలు గళ్ళ బట్ట మీద క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్ళు. వాళ్ళ దగ్గర కూర్చుని నేనూ నేర్చుకున్నాను. దారాలు లెక్కపెట్టి ఒక్కో గడి నింపుకుంటూ పోవడమే. ఏది చూస్తే అది దించగలిగేదాన్ని.

మా చెల్లెలి పెళ్ళికి ఒక దిండు గలీబు కుట్టి ఇద్దామనుకున్నాను. నాకు తెలిసినవాటిల్లో అందమైన డిజైను ఆకుల తాత పళ్ళెం అంచే. ఒక ఆదివారం హాలు ఖాళీగా ఉన్నప్పుడు పళ్ళెం కిందికి దించి, బల్ల మీద పెట్టుకుని, గలీబు చుట్టూ ఆ తీగ, ఆ ఆకులు, ఆ గుర్తులు అన్నీ పసుపు దారంతో దించాను. నాలుగు ఆదివారాలు పట్టింది. కంటికి కనపడింది ఏదీ వదల్లేదు. అది ఎంత పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

ఇక నా ఘనకార్యం. చెల్లెలి పెళ్ళయిన రెండేళ్ళకి, హాస్టల్ వార్షికోత్సవానికి విజయవాడ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని, సామానంతా తళతళలాడాలని అప్పటి వార్డెను హుకుం వేసింది. ఇత్తడి గంగాళాలు, రాగి బిందెలు అన్నీ పెరట్లో పోసి చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి మూడు రోజులు తోమాను. మూడో రోజు పొద్దున వడ్డించే కిటికీ దగ్గర నిలబడి పైకి చూశాను. పెచ్చు ఊడిన చోట రాగి కనపడుతోంది. నాకు అప్పుడే తట్టింది. ఇది రాగి పళ్ళెం. అప్పట్లో కట్టెల పొయ్యి. ఇన్నేళ్ళ నా పొగ పట్టి నల్లబడింది. ఈ తాతకి మసి పట్టించింది నేనే, పైగా మోషేనా పిలాతా అని వేళాకోళాలు కూడానా అనుకున్నాను.

దించాను. బొమ్మ చెడుతుందేమో అని మధ్యలో చెయ్యి పెట్టలేదు, అంత తెలివి ఉంది. అంచు మొదలుపెట్టాను. చింతపండు గుజ్జు పూసి, ఇటుక పొడి చల్లి, పీచుతో నా బలమంతా పెట్టి తోమాను. బిందె అయితే పది రుద్దులకి ఎర్రబడాలి. ఇది ఎర్రబడటం లేదు. పట్టిన మసి మొండిదని ఇంకా గట్టిగా రుద్దాను. చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చాక నీళ్ళు పోసి చూస్తే నలుపు నలుపులాగే ఉంది. బంగారం మాత్రం లేదు. తీగ లేదు, ఆకులు లేవు, గుర్తులు లేవు. నా అరిచేతిలో పసుపు మెరుపు ఉంది.

కాసేపు ఆ చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. తర్వాత చెయ్యి కడుక్కున్నాను. పళ్ళెం తుడిచి మళ్ళీ మేకుకి తగిలించాను. ఎవరైనా అడిగితే చెప్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు. రోజూ మూడు పూటలా నూట ఇరవైమంది దాని కింద తిన్నారు, ఒక్కళ్ళకీ తేడా కనపడలేదు. విజయవాడ పెద్దలు పులిహోర బాగుందన్నారు. నేనూ మర్చిపోయాను.

ఏడేళ్ళ తర్వాత కొత్త వార్డెనమ్మ వచ్చింది. నాకంటే మూడేళ్ళు చిన్నది. నన్ను 'అక్కా' అనేది. జీతం రిజిస్టరులో నా వేలిముద్ర చూసి కొన్నేళ్ళు ఓపికపట్టి, ఒకరోజు వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుంది.

"ఇంకెన్నాళ్ళక్కా ఈ వేలిముద్ర?"

"నా వేలు అరిగిందాకా."

"ఉల్లిపాయలు తరిగి ఎప్పుడో అరిగింది. సంతకం నేర్చుకో."

"ఈ వయసులో నేర్చుకుని ఏ కలెక్టరు పని చెయ్యాలండి?"

"బస్సు బోర్డు చదువు చాలు. మొన్న జగ్గయ్యపేట పోతన్నానని మైలవరం బస్సెక్కి ఎక్కడ దిగావో నాకు తెలుసులే."

డ్రైవరుకి మా ఊరివాడు చుట్టం. ఆ సంగతి హాస్టలంతా పాకింది. దాంతో సరేనన్నాను. బియ్యం డబ్బా మూత తిరగేసి దాని మీద సుద్దముక్కతో రాయించేది. పప్పు ఉడికేలోపు నాలుగు అక్షరాలు. మాడితే అక్షరాలదే తప్పని నేను, పొయ్యిదే తప్పని ఆవిడ. ఏడాదిన్నరకి తెలుగు పట్టుబడింది. తర్వాత ఇంగ్లీషు పెద్దక్షరాలు, సంచుల మీద రాసినవి చదువుకోడానికి. నా సంతకం మొదటిసారి రిజిస్టరులో పెట్టిన రోజు ఆవిడ పిల్లలందరికీ చాక్లెట్లు పంచింది. ఇదేం పెళ్ళా అని కసిరాను. కసిరానే గానీ, ఆ చాక్లెట్ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది.

ఆ సంవత్సరమే మా చెల్లెలికి జ్వరం వస్తే చూడటానికి జగ్గయ్యపేట వెళ్ళాను, ఈసారి సరైన బస్సెక్కి. మధ్యాహ్నం ఆ పిల్ల మంచం మీద నడుం వాల్చాను. తల కింద నేను కుట్టిన గలీబే. ఉతికి ఉతికి మెత్తబడింది. పక్కకి తిరిగేసరికి కళ్ళ ఎదుట ఒక ఇంగ్లీషు అక్షరం. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఐదు అక్షరాలు. నేను డిజైను అనుకున్న గుర్తులు. ముందు సంతోషమేసింది, చదవగలిగానని. ఆ వెంటనే పెరట్లో నా అరచెయ్యి గుర్తొచ్చింది. అది ఆయన పేరు. నేను తోమేసింది ఆ ముసలాయన పేరు.

హాస్టలుకి వచ్చి ఆవిడకి చెప్పాలి. చెప్పలేదు. చదువు నేర్పినావిడ దగ్గరికి వెళ్ళి, నేను చదివిన మొదటి కొత్త మాట నా వెధవపనే అని ఎలా చెప్పను? రేపు, ఎల్లుండి అనుకున్నాను. ఆ పద్నాలుగేళ్ళ లెక్క అక్కడ మొదలైంది. నేను రిటైరయ్యాను. నాలుగేళ్ళకి ఆవిడా రిటైరయి, నందిగామలోనే ఒక గది అద్దెకి తీసుకుని, ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఉంది.

తర్వాత హాస్టల్ మూసేయాలని కమిటీ అనుకుంది. సామాను లెక్క తీస్తే ఈ పళ్ళెం బయటపడింది. ఎవరో ఫొటో తీసి హైదరాబాదులో పాత వస్తువులు పరీక్ష చేసే మేడంకి పంపారు. ఇది ఫ్రాన్సు దేశంలో నాలుగైదు వందల ఏళ్ళ కింద చేసిందని, రోము చక్రవర్తులు పన్నెండుమందివీ ఇలా వరసగా చేసేవాళ్ళని, చాలా అరుదని ఆవిడ చెప్పిందట. అప్పుడు దొరసాని పాత రిజిస్టరు తీశారు. అందులో ఉంది: 'నల్ల పళ్ళెం, ముసలి రాజు తల, అంచు మీద బంగారు అక్షరాల్లో పేరు.' చేతిలో ఉన్న పళ్ళెం మీద బంగారం లేదు, పేరు లేదు.

కమిటీ సెక్రటరీ వ్యాపారం చేసేవాడు, లెక్క వెంటనే తేల్చాడు. అసలుది అమ్మేసి ఇంకోటి తగిలించారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి? ఇరవయ్యేళ్ళు వార్డెనమ్మ దగ్గర. పైగా ఏటేటా ఆ రిజిస్టరు కింద 'సరిచూశాను' అని సంతకం పెట్టింది ఆవిడే. పాత పేజీ ఒక్కసారి చదివి ఉంటే తేడా అప్పుడే దొరికేది. నాకు చదువు నేర్పిన మనిషి, చదవకుండా సంతకం పెట్టింది. ఈ మాట ఆవిడకి మొహం మీదే చెప్పాను తర్వాత. తల ఊపింది.

గురువారం మీటింగు, శుక్రవారం పోలీసు కంప్లైంటు అనుకున్నారు. విషయం తేలేదాకా ఆవిడ్ని ఆదివారం పిల్లల దగ్గరికి రావద్దన్నారట. బుధవారం సాయంత్రం ఆవిడ గదికి వెళ్ళాను. టీ పెట్టింది. చక్కెర వెయ్యడం మర్చిపోయింది.

"నేను వచ్చిన్నాటి నుంచీ అక్షరాల్లేవక్కా. నువ్వు అంతకుముందు నుంచీ ఉన్నావుగా, నీకేమన్నా గుర్తుందా?" అంది.

ఇంతకంటే తిన్నని ప్రశ్న ఎవరూ అడగరు. నేనేం చేశానో తెలుసా? "పాత సంగతులు ఏం గుర్తుంటయ్యండి" అన్నాను. చక్కెర లేని టీ తాగి వచ్చేశాను. నన్ను మంచిదాన్ని అనుకుంటూ చదువుతున్నవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించుకోండి. అమూల్యమైన వస్తువుని ఇటుక పొడి పెట్టి తోమిన వంటమనిషి అని ఊరు నవ్వుతుందని భయం. అంతే. ఆవిడ పరువు కంటే నా సిగ్గు ఎక్కువైంది నాకు, ఆ సాయంత్రం వరకూ.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "జాగ్రత్తక్కా, కింద మెట్టు ఊగుద్ది" అంది.

తెల్లారి మొదటి బస్సుకి జగ్గయ్యపేట వెళ్ళాను. చెల్లెలు గేదెకి కుడితి పెడుతోంది.

"నీ పెళ్ళికిచ్చిన దిండు గలీబేదే?"

"ఏందే అక్కా, పొద్దున్నే వచ్చి? పెళ్ళికిచ్చింది మళ్ళీ తీసుకుంటావా?"

"ఉందా లేదా చెప్పు."

"దిండు చినిగిపోయి పదేళ్ళు. గలీబు మిక్సీ మీద కప్పుకున్నా."

వంటింట్లోకి వెళ్ళి చూశాను. పసుపు మరకలు, ఒక మూల నూనె. లాగేసుకున్నాను. "నా మిక్సీకి దుమ్ము పడుద్ది" అంటూ అది నా వెనకే వచ్చింది. బస్సులో సంగతంతా చెప్పాను. అది చిల్లకల్లు దాటేదాకా టికెట్టు మడతపెడుతూ కూర్చుంది. తర్వాత, "నాకు పెళ్ళికి రాజుగారి పేరిచ్చి కూడా చెప్పలేదు చూడు" అంది.

అలా మేమిద్దరం ఆ గదిలోకి వెళ్ళాం. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. సెక్రటరీ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఆవిడ్ని కాపాడటానికి ఈ కథ ఎవరు నేర్పారు?"

"కథలు నేర్పుంటే బాగుండేదయ్యా. ఆవిడ నాకు అఆలే నేర్పింది."

మా చెల్లెలు ఊరుకుంటుందా. "మా అక్క సాంబార్లో ఉప్పు మర్చిపోయినా ఒప్పుకోదండి. అట్టాంటిది నలుగుర్లో నిలబడి ఒప్పుకుంటందంటే నిజమే అయుంటది" అంది. పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

హైదరాబాదు మేడం ముందుకి వంగింది. గలీబు అడిగి తీసుకుంది. బల్ల మీద, తెల్లటి మెత్తని గుడ్డ మీద పళ్ళెం ఉంది. దాని పక్కన గలీబు పరిచింది. ఆకులు లెక్కపెట్టింది. ఫోను లైటు పక్కవాటుగా వేసి, భూతద్దం పెట్టి అంచు చుట్టూ చూసుకుంటూ పోయింది. అక్కడక్కడా గుంటల్లో ఆవగింజలో పావు వంతు బంగారం మిగిలి ఉందని చెప్పింది. నాకు చూపించబోతే నేను చూడలేకపోయాను.

అప్పుడు గలీబు కింద కుడి మూల వేలు పెట్టి ఆగింది.

"అంతా పసుపు దారం కదమ్మా. ఇక్కడొక్క చోట ఎర్ర దారం ఎందుకు వాడారు?"

నేనే మర్చిపోయాను. చూస్తే నిజమే. చిన్న నెలవంకలాగా పన్నెండు గళ్ళు, ఎర్రగా.

"అక్కడ పళ్ళెం పెచ్చు ఊడి రాగి కనపడేదండి. అదీ డిజైనే అనుకున్నా. ఉన్నదున్నట్టు దించా."

ఆవిడ పళ్ళేన్ని మెల్లగా తిప్పి, ఆ పెచ్చుని గలీబు మీది ఎర్ర మరక పక్కకి తెచ్చింది. అదే నెలవంక, అదే వంపు, అదే ఆకు కింద. చైర్మన్‌గారు, ఆయన రిటైరైన హెడ్మాస్టరు, లేచి వచ్చి రెండింటినీ చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చుని, కంప్లైంటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"ఇదే పళ్ళెం. మారలేదు" అంది మేడం.

ఆ తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. రాగి రేకు మీద గాజు పొడి పరిచి కొలిమిలో కాలుస్తారట. ముందు నలుపు, దాని మీద పలచగా తెలుపు, మళ్ళీ కాల్చడం, మళ్ళీ పూయడం. బంగారం అన్నిటికంటే చివర, అన్నిటికంటే పలచగా. నేను మసి అనుకున్న నలుపు ఆ పళ్ళెం ఒళ్ళు. పోయిన బంగారాన్ని మళ్ళీ తేలేమంది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

ఆ తాత సంగతీ చెప్పింది. ముసలితనంలో రాజయ్యాడట. ఏడు నెలలే ఏలాడు. పరమ పిసినారి, సైనికులకి ఇస్తామన్నది ఇవ్వలేదని వాళ్ళే చంపేశారట.

"అయితే ఆయన్ని సరైన చోటే తగిలించాం. రెండోసారి కూర ఎవరికీ ఎయ్యనియ్యలేదు" అన్నాను. అటెండరు టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నవ్వాడు, సాసర్లు గలగలమన్నాయి.

వార్డెనమ్మ థాంక్స్ చెప్పలేదు, ఏడవలేదు. లేచి వచ్చి గలీబు చేతిలోకి తీసుకుంది. ఐదు అక్షరాల మీదా వేలితో రాసుకుంటూ పోయింది, బియ్యం డబ్బా మూత మీద నా వేలు పట్టుకుని రాయించినట్టే.

"G లోపలి గీత మర్చిపోయావక్కా" అంది.

"అప్పటికి మీరింకా రాలేదుగా" అన్నాను.

ఆవిడ గలీబుని మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత, "నిన్న సాయంత్రం చెప్తావేమోనని చూశా" అంది. కోపంగా అనలేదు. నా చెయ్యి పట్టుకుని అంది. ఆ మాట మాత్రం నాతోనే ఉంది ఇప్పటికీ. ఉండాలి కూడా. మీరు ఏ పనిలో ఉన్నా, ఏదో ఒకటి పాడుచేస్తారు. అది నేను ఆపలేను. మిమ్మల్ని అడిగిన మనిషికి, అడిగిన సాయంత్రమే చెప్పండి. అంతవరకే నాకు తెలిసింది.

తర్వాతి ఆదివారం ఆవిడ చర్చిలో పిల్లల దగ్గర కూర్చుంది. గలీబు పళ్ళెంతోపాటే ఉంచాలని మేడం అడిగింది. మా చెల్లెలు మిక్సీకి కొత్త గుడ్డ కుట్టిస్తేనే ఇస్తానంది. కుట్టాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళు: కాగితం మడిచి జేబులో పెట్టుకున్న హెడ్మాస్టరు చైర్మన్‌గారు. కళ్ళజోడు సెక్రటరీ, వెళ్ళేటప్పుడు వార్డెనమ్మకి చేతులు జోడించాడు, అదీ రాయాలి. రుమాలు పాస్టరుగారు. హైదరాబాదు మేడం. సాసర్లు మోగించిన అటెండరు. గలీబు తిరిగొస్తుందో లేదో చూసుకోడానికి వచ్చిన మా చెల్లెలు. నాకు రాయడం నేర్పిన వార్డెనమ్మ. నేను. ఇంకా బల్ల మీద మెత్తని గుడ్డలో పడుకుని, ఎప్పటిలాగే పెదాలు బిగించి, ఒకరు. వీళ్ళందరిలో పేరు రాయాల్సింది ఆయన ఒక్కడిదే. చెరిపింది నేను కాబట్టి నా చేత్తోనే రాస్తున్నాను, G లోపలి గీతతో సహా: GALBA. గాల్బా.